కడుపులో సున్నం

"దెయ్యం ఎటునుంచి వస్తోంది?" అని అడిగాడు సుందర్ రాజ్.

పోలీసు ఉద్యోగంలో పద్దెనిమిదేళ్ళు చేసి, అది వదిలేసి మద్దిలపాలెంలో మేడమీద గదికి 'ప్రైవేట్ డిటెక్టివ్' అని బోర్డు తగిలించుకున్నవాడు, ఒక సాక్షిని ఇలాంటి ప్రశ్న అడగాల్సి వస్తుందని కలలో కూడా అనుకోడు. పైగా ఆదివారం వస్తే చర్చిలో ముందు వరసలో కూర్చునే మనిషి. దెయ్యాలనేవాళ్ళని చూసి నవ్వాలి. నవ్వలేకపోయాడు. అప్పాయమ్మ మొహంలో అబద్ధం లేదు. నిద్ర అంతకన్నా లేదు.

"ఎనకాల సందులోంచి బాబూ," అందామె. "తెల్లారగట్ల వత్తాది. నడుత్తాది, ఆగిపోద్ది. మల్లీ నడుత్తాది, ఆగిపోద్ది. మా గోడ కాడికొచ్చి దగ్గుతాది. ఆ దగ్గు ఆయనదే. ఇరవయ్యేళ్ళు ఆ దగ్గు పక్కన పడుకున్నాను, నాకు తెల్దేటి?"

ఆయనంటే ఆమె మొగుడు పోలిరాజు. మరబోటు ఓనరు. సముద్రంలో వేట ఆపేసే వేసవి రోజులు కదా, బోట్లన్నీ హార్బరులో కట్టేసి ఉన్నాయి. కాపలా కోసం పోలిరాజు రోజూ తన బోటు కేబిన్లోనే పడుకునేవాడు. మూడు వారాల కిందట ఒక రాత్రి పదిన్నరకి అతను బోటెక్కడం పక్క బోటువాళ్ళు చూశారు. పన్నెండుకి కేబిన్ భగ్గుమంది. తలుపుకి బయట గెడ పెట్టి ఉంది. ఆర్పి చూస్తే లోపల ఒక శవం, మొహమంటూ ఏమీ మిగల్లేదు. పోలిరాజు మంచం మీద ఉన్నవాడు పోలిరాజు కాక మరెవరవుతారు? ఎవరూ రెండోమాట అనలేదు. పోస్టుమార్టం చేశారు, పూడ్చేశారు.

ఆ మర్నాడే సీఐ ఎల్లారావు వచ్చి నాగబాబుని పట్టుకెళ్ళాడు. నాగబాబు అప్పాయమ్మ తమ్ముడు, అదే బోటుకి డ్రైవరు. పోలిరాజు అప్పాయమ్మని చితకబాదిన రోజున, "మా అప్ప మీద ఇంకోపాలి సెయ్యేత్తే బావని సంపీసి జైలుకెల్తాను" అని నడివీధిలో అరిచాడట. పేటంతా విన్నది. దానికి తోడు నాగబాబు రెండు చేతులూ మోచేతుల దాకా కాలి ఉన్నాయి. మంట చూసి పరుగెత్తుకొచ్చి తలుపు తీయబోయానని అతనంటాడు. తప్పించుకోబోతూ కాల్చుకున్నాడని ఎల్లారావంటాడు.

"మొగుడు పోయేడు. తమ్ముడైనా మిగలాల బాబూ," అంది అప్పాయమ్మ. "మా యమ్మ పోతా పోతా ఆడి సెయ్యి నా సేతిలో ఎట్టింది. ఆడికి ఉరేసీస్తే మా యమ్మకి ఏటి సెప్పుకోను?"

ఆమె చేతులకి ఎర్ర మట్టిగాజులు అలాగే ఉన్నాయి. పేటలో పెద్దలు వచ్చి పోరుతున్నారు, అత్తవారివైపువాళ్ళు తిట్టిపోస్తున్నారు. ఆమె వినడం లేదు.

"సముద్రం మీదెల్లినోడి పెళ్ళాం శవాన్ని కంటితో సూసేదాకా గాజులు తియ్యదు. మా పేటలో అదే పద్ధతి. నాకేటి సూపించేరు? బొగ్గు సూపించేరు. బొగ్గుకి గాజులు తీసీమంటారేటి?"

సుందర్ రాజ్ లేచి వెనక సందులోకి వెళ్ళాడు. ఒకపక్క ఇళ్ళ వెనక గోడలు, ఇంకోపక్క వలలు దాచుకునే షెడ్డు, దాని పొడుగాటి వెల్లవేసిన గోడ. కింద ఇసుక. మామూలుగా ఈ సందులో పిల్లలు గోలీలాడుకుంటారు. ఇప్పుడు పట్టపగలు కూడా కాకి వాలడం లేదు. రెండిళ్ళవాళ్ళు వెనక తలుపులకి వేపకొమ్మలు కట్టుకున్నారు. సందు మొదట్లో నిలబడగానే, చెప్పకూడదుగానీ, అతని వీపు మీద కూడా ఏదో పాకినట్టయింది. మెడలో శిలువని ఓసారి తడుముకుని ముందుకి నడిచాడు.

షెడ్డు గోడ మీద ఓచోట వెల్ల రాలి ఉంది. భుజమంత ఎత్తున, అరచెయ్యంత మేర. దాని కింద ఇసుక బాగా తొక్కినట్టు, మడమల గుంటలు లోతుగా ఉన్నాయి. ఎవరో అక్కడ గోడ పట్టుకుని చాలాసేపు నిలబడ్డారు. కొంచెం దూరం వెళ్తే అలాంటిదే ఇంకో మచ్చ. మళ్ళీ అంతే దూరంలో ఇంకొకటి. మధ్యలో అడుగుజాడలున్నాయి. కుడికాలు శుభ్రంగా పడింది. ఎడమకాలు ఇసుకని ఈడ్చుకుంటూ పోయింది.

'దెయ్యానికి గోడ ఆసరా దేనికిరా భగవంతుడా!' అనుకున్నాడు సుందర్ రాజ్.

గుమ్మంలో నిలబడ్డ అప్పాయమ్మని అడిగాడు. "మీ ఆయనకి కాళ్ళనొప్పులేమైనా ఉండేవా?"

"ఓలమ్మో, ఉండకేటి! నాలుగడుగులు నడిత్తే పిక్కలు పట్టీసీవి. నిలబడిపోయీవోడు. సుట్ట ఒకటి కాల్చీసి మల్లీ నడిసీవోడు. దీపావళెల్లాక మద్దిలపాలెంలో స్కానింగు తీయించేం. కడుపులో సున్నం పట్టీసిందన్నారు."

"సున్నమా?"

"అవును బాబూ. కడుపులో పెద్ద రక్తం గొట్టం ఉంటాదంట. అందులోకీ, కింద తొడల్లోకెల్లే గొట్టాల్లోకీ సున్నం పట్టీసిందని డాట్రమ్మ సెప్పింది. కుళాయి గొట్టానికి పడతాది కదా, అలగ."

"ఈ మాట పోలీసులకి చెప్పావా?"

"సెప్పేను. మీ ఆయనకి రోగాలేటని అడిగితే, కడుపులో సున్నం ఉందండి అన్నాను. సీఐ బాబు పకపకా నవ్వీసేరు. 'ఆకూ వక్కా తగ్గించమని నువ్వైనా సెప్పకపోయావా' అన్నారు."

సుందర్ రాజ్ తల పట్టుకున్నాడు. చూడండి మరి, ఒక్క మాట! మొగుడి ఒళ్ళు గుల్లచేసిన జబ్బు గురించి ఆమె చెబితే, ఆ మహానుభావుడికి తాంబూలం గుర్తొచ్చింది. ఒక మనిషి మెడకి ఉరితాడు పేనడానికి ఆ నవ్వు చాలింది.

*

స్కానింగ్ సెంటర్లో డాక్టర్ అనూరాధ ఒకటే షరతు పెట్టింది. కేసు చూస్తున్న పోలీసు ఎదురుగా ఉంటేనే పేషెంటు బొమ్మలు చూపిస్తాను, లేకపోతే లేదు అంది. సుందర్ రాజ్‌కి ఎల్లారావుని పిలవక తప్పలేదు. ఒకప్పుడు ఇద్దరూ ఒకే స్టేషన్లో ఎస్సైలు. ఒకే ప్లేటులో ఇడ్లీ తిన్నవాళ్ళు. ఇప్పుడు ఒకరి పొడ ఒకరికి గిట్టదు.

ఎల్లారావు వస్తూనే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఏటి బావా, దెయ్యం కేసులు కూడా ఒప్పుకుంటున్నావంట? సోమవారం నా చార్జిషీటు. పది నిమిషాలే టైమిస్తాను. తొరగా కానీ."

చీకటి గదిలో కంప్యూటరు తెర వెలిగింది. పొట్టని అడ్డంగా ముక్కలు కోసినట్టు నల్లా తెల్లా బొమ్మలు ఒకదాని తర్వాత ఒకటి జరుగుతున్నాయి. మధ్యలో వెన్నుపూస తెల్లగా ఉంది. దానికి సరిగ్గా ముందు ఇంకో తెల్లటి వలయం, ఎముక ఒకటి ఎక్కువ పుట్టినట్టు.

"అది ఎముక కాదు," అంది అనూరాధ. "ఆయన పెద్ద ధమని. గుండె నుంచి కిందికి దిగి, బొడ్డు దగ్గర రెండుగా చీలి, తుంటిలోంచి రెండు కాళ్ళలోకీ వెళ్తుంది. మామూలుగా ఈ స్కాన్‌లో అది బూడిదరంగులో ఉండాలి. ఈయనకి గోడంతా కాల్షియం. పేషెంట్లకి అర్థమవాలని నేను సున్నం అంటాను."

"ఎంతుందో కొలుస్తారా?" అడిగాడు సుందర్ రాజ్.

"కొలిచాను. దీని మీదే నేనొక స్టడీ చేస్తున్నాను. తెలుపు కొలతలో నూట ముప్ఫై దాటిన ప్రతి మచ్చనీ కంప్యూటరు పట్టుకుంటుంది. దాని వైశాల్యం ఎంతో చూస్తుంది. ఎంత తెల్లగా ఉంటే అంత ఎక్కువ మార్కులు వేసి హెచ్చిస్తుంది. పైనుంచి కిందిదాకా అన్నీ కూడితే స్కోరు వస్తుంది." మౌస్ నొక్కింది. తెల్లమచ్చలన్నీ ఒక్కసారిగా ఎర్రబడ్డాయి. "పెద్ద ధమనిలో అయిదు వేల పైన. కుడి తుంటి కొమ్మలో వెయ్యి దాటింది. ఎడమ కొమ్మలో రెండు వేలు దాటింది. మనిషికి యాభై రెండేళ్ళు. ధమనులకి ఎనభై ఏళ్ళు."

సుందర్ రాజ్ కుర్చీ తెరకి దగ్గరగా జరుపుకున్నాడు. మొహం ఎరగని మనిషి. గొంతు ఎరగడు. ఇలా పొట్టలోపల గోడల దాకా చూసేశాడు.

"ఎడమకాలు ఈడుస్తాడా?" అన్నాడు.

"తప్పకుండా. కాసేపు నడవగానే పిక్కలకి రక్తం చాలదు. నొప్పితో ఆగిపోతాడు. నిలబడితే సర్దుకుంటుంది. మళ్ళీ అంతే దూరం నడుస్తాడు, మళ్ళీ ఆగుతాడు."

సుందర్ రాజ్ సంచీలోంచి రెండు ఎక్స్‌రే ఫిల్ములు తీశాడు. కాలిన శవం పొట్టలో ఏవో ఇనపముక్కలు తగిలితే, నాటు తుపాకీ గుళ్ళేమోనని పోలీసులే తీయించినవి అవి. తీరా చూస్తే ఇంజను నట్లు. తర్వాత వాటి మొహం ఎవరూ చూడలేదు. బెయిలు విచారణలో నకళ్ళు నాగబాబు లాయరు చేతికొచ్చాయి.

అనూరాధ పక్కనుంచి తీసిన ఫిల్ముని లైటుపెట్టెకి తగిలించింది. వెన్నుపూసల ముందు వేలితో పైనుంచి కిందికి రాసుకుంటూ వచ్చింది. ఒకసారి ఆగి, మళ్ళీ రాసింది.

"అంత సున్నముంటే మామూలు ఎక్స్‌రేలో కూడా ఇక్కడ రైలుపట్టాల్లా రెండు తెల్ల గీతలు కనపడాలి," అంది నెమ్మదిగా. "ఒక్క చుక్క కూడా లేదు. ఇది ఆయన ఒళ్ళు కాదు."

ఎల్లారావు కుర్చీ కిర్రుమంది. "కాలిపోయిందమ్మా! డీజిల్ మంట. మొహమే మిగల్లేదు, లోపల సున్నం మిగుల్తుందా?"

"అదేంటి బావా," అన్నాడు సుందర్ రాజ్, "గుల్లని బట్టీలో పడేసి కాల్చేది సున్నం కోసమే కదా! మంటకి మాంసం పోతుందిగానీ సున్నం ఎక్కడికి పోతుంది? వెన్నుపూసలు చూడు, చెక్కు చెదరలేదు."

"మందులు వాడి తగ్గించుకునుంటాడు."

"మందులు వాడితే వేరే లాభాలుంటాయి," అంది అనూరాధ. "పట్టిన కాల్షియం ఈ మాదిరి తుడిచిపెట్టుకుపోదు. ఆరు నెలల్లో ఎనిమిది వేల స్కోరు సున్నా అయిందని ఏ డాక్టరైనా చెబితే, నేను పట్టా చింపేసుకుంటాను. ఇంకోటి కూడా చూడండి." రెండో ఫిల్ము పెట్టింది. "తుంటి ఎముక పైఅంచున ఈ సన్నటి గీత. ఎదుగుదల ఇంకా పూర్తిగా ముగియలేదు. ఈ మనిషికి ఇరవై ఏళ్ళు. మహా అయితే ఒకటి రెండు అటూ ఇటూ."

ఎవరో ఒక కుర్రాడు. పోలిరాజు మంచం మీద, పోలిరాజు పేరు మీద కాలిపోయి, పోలిరాజు పేరు మీదే పూడ్చబడ్డాడు. వాడి కోసం ఏడ్చినవాళ్ళు ఒక్కరు లేరు.

"అయితే నీ లెక్క ప్రకారం పోలిరాజు బతికున్నాడు," అన్నాడు ఎల్లారావు. మొహం కందగడ్డలా అయింది.

"రోజూ తెల్లారగట్ల పెళ్ళాం గోడ దగ్గరకొచ్చి దగ్గుతున్నాడు. నడుస్తాడు, ఆగుతాడు, ఎడమకాలు ఈడుస్తాడు. దెయ్యాలకి పిక్కల నొప్పులుంటాయా డాక్టరుగారూ?"

"నా సర్వీసులో నేను చూళ్ళేదు," అంది అనూరాధ.

ఎల్లారావు లేచి నిలబడ్డాడు. "సున్నంలోకి ఎముక లేకుండా చేసేస్తాను బావా, నిన్నూ నీ ఏజెన్సీనీ. కేసు మూసేశాక తవ్విస్తావా?" తలుపుదాకా వెళ్ళి, అక్కడే ఆగిపోయాడు. అతని గొంతు తగ్గింది. చిత్రం, ఆ తగ్గిన గొంతే సుందర్ రాజ్‌ని ఎక్కువ భయపెట్టింది. "సరే. శవం పోలిరాజుది కాదు. ఒప్పుకున్నాననుకో. ఆ తలుపుకి బయట గెడ పెట్టింది మాత్రం ఎవరో ఒకరు పెట్టారు కదా? అక్క ఏడుపు చూసి కేసు ఒప్పుకున్నావు. నీ నాగబాబుని ఎప్పుడైనా సూటిగా అడిగావా?"

సుందర్ రాజ్ ఫిల్ములు సంచీలో పెట్టుకున్నాడు. అడగలేదు మరి.

*

ఈ సంగతి చెప్పినప్పుడు అప్పాయమ్మ ఏడవలేదు, నవ్వలేదు. చేతి గాజులు మాత్రం ఒకసారి పైకి తోసుకుంది.

"బతికున్నోడు ఇంట్లోకి రాకుండా గోడెనకాల దగ్గీసి ఎల్లిపోతాడేటి బాబూ?" అంది. మళ్ళీ తనే అంది. "దెయ్యమైతేనే నయం."

బతికుండి దాక్కున్నవాడు ఏ రాత్రి గోడ దూకి వస్తాడోనని సుందర్ రాజ్‌కి అనిపించింది. ఆ సాయంత్రమే ఆమెని తగరపువలసలో పినతల్లి ఇంటికి పంపించాడు. మర్నాడు ఉదయం అతను నాగబాబుని చూడబోతే ఆమె కేరేజీ పట్టుకుని జైలు దగ్గరకొచ్చేసింది. తమ్ముడికిష్టమని నెత్తళ్ళ చేపల వేపుడు చేసిందట. లోపలికి తేనివ్వరని చెప్పినా వినలేదు. ములాఖత్‌కి ఒక్కరినే వదులుతామన్నారు. "మీరే ఎల్లండి బాబూ. మంచి మాట మీ నోటితోటే సెప్పండి," అంది. ఆ మొహంలో నవ్వు చూడడం అతనికి అదే మొదటిసారి.

ఇనపజల్లెడకి అవతల నాగబాబు వచ్చి నిలబడ్డాడు. ముప్ఫై ఏళ్ళ మనిషి, మూడు వారాల్లో యాభై ఏళ్ళవాడిలా అయిపోయాడు. కళ్ళకింద నల్లగా ఉంది. రాత్రుళ్ళు కేకలేసి లేస్తున్నాడని వార్డరు చెప్పాడు. కాలిన చేతులు రెండూ జల్లెడ మీద ఆనించాడు.

"నాగబాబూ, మంచి కబురు," అన్నాడు సుందర్ రాజ్. "ఆ శవం మీ బావది కాదు."

నాగబాబు కళ్ళార్పలేదు. "ఏటండీ?"

"కాదు. డాక్టరు రుజువు చేసింది. మీ బావ కడుపులో సున్నం ఉంది, ఆ శవంలో లేదు. పోలిరాజు బతికే ఉన్నాడు. మళ్ళీ తవ్వి పరీక్ష చేయమని కోర్టుని అడుగుతాం. బావని చంపాడన్న కేసు నీ మీద నిలబడదు."

ఎగిరి గంతేస్తాడనుకున్నాడు. చేతులెత్తి దండం పెడతాడనుకున్నాడు. నాగబాబు చేతులు మాత్రం జల్లెడ మీంచి మెల్లిగా జారిపోయాయి.

"సరిగ్గా సూసేరా?" అన్నాడు. "మల్లోపాలి సూడమనండి. బావే అది. బావే అవ్వాల."

"బావ కాదని చెబుతున్నానుగా."

"మరి బావ దుప్పటి కప్పుకుని పడుకున్నోడో?"

చుట్టూ అరుపులు, ఏడుపులు, ఎవరి మాట ఎవరికీ వినపడని గోల. సుందర్ రాజ్‌కి మాత్రం ఆ ఒక్క మాటే వినపడింది.

"దుప్పటి కప్పుకున్నాడని నీకెలా తెలుసు?" అన్నాడు. "నువ్వొచ్చేసరికే కేబిన్ నిండా మంటలన్నావు కదా?"

నాగబాబు నేలకేసి చూశాడు.

"నెత్తి దాకా కప్పుకున్నాడండి. ముకం సూడ్నేదు. సూస్తే సెయ్యాడదని సూడ్నేదు. ఆ వేళ మా అప్ప పన్ను రాల్గొట్టీసినాడు. గెడ ఎట్టీసేను. డీజిల్ పోసీసి అంటించీసేను." కాలిన చేతులకేసి చూసుకున్నాడు. "లోపల్నించి కేక ఇనపడింది. ఆ గొంతు బావది కాదనిపించిందండి. గెడ తియ్యడానికి ఎగబడ్డాను. ఇనుము కాలిపోయుంది. సేతులిలగ అయిపోయేయి, గెడ రాలేదు. కాదు, బావ గొంతే, బయిపడి మారిపోయిందని నాకు నానే సెప్పుకున్నాను. కన్ను మూత్తే సాలు, ఆ కేకే."

తలెత్తి సుందర్ రాజ్ కళ్ళలోకి చూశాడు.

"బావ కాదంటన్నారు. అయితే నాను కాల్సీసింది ఎవుల్నండి?"

వార్డరు గంట కొట్టాడు. నాగబాబుని భుజం పట్టి లాక్కెళ్తున్నారు. అతను వెనక్కి తిరిగి తిరిగి ఆ ప్రశ్నే అడుగుతున్నాడు.

బయటికి ఎలా వచ్చాడో సుందర్ రాజ్‌కి తెలియలేదు. ఎండ కళ్ళలో పడింది. గేటు పక్కన కేరేజీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న అప్పాయమ్మ గబగబా లేచి ఎదురొచ్చింది.

"సెప్పేరా బాబూ? తమ్ముడేటన్నాడు, సంబరపడ్డాడా?"